తలుపు మీద తువ్వాలు

ఆ తువ్వాలు తీసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఇప్పుడు చెప్పినందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని కూడా తెలుసు. అయినా లోపల పెట్టుకుని తిరగడం నావల్ల కావడం లేదు.

నేను పసిపిల్లల నర్సరీలో పనిచేస్తాను. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ దాకా ముప్ఫై మంది పిల్లలు. నాకక్కడ పదకొండేళ్ళ సర్వీసు, మా తోడికోడలికి ఏడాదిన్నర. ఆమెని ఇంట్లో అందరం చిన్నది అంటాం. ఆమెకి ఆ ఉద్యోగం ఇప్పించిందీ నేనే. ఇంట్లో వంటింటి గట్టు దగ్గర రోజూ నా నోట్లో నోరు పెట్టే మనిషి బడిలో నా కింద పనిచేస్తే కాస్త అణిగి ఉంటుందని నా లెక్క. ఆ లెక్క తప్పింది. ఇంట్లో ఎంత వాగేదో అక్కడా అంతే వాగేది. పిల్లలు మాత్రం ఆమె కొంగు వదిలేవాళ్ళు కాదు.

ఆమె కూతురికి నేను పెద్దమ్మని. ఆ అలవాటు కొద్దీ చిన్నది బడిలో కూడా "పెద్దమ్మనడుగు, పెద్దమ్మ దగ్గరికెళ్ళు" అనేది. నెల తిరిగేసరికి ముప్ఫై మందికీ నేను పెద్దమ్మని, ఆమె చిన్నమ్మ అయిపోయాం. మా మేడం ముఖం చిట్లించింది. "టీచర్ అనాలి, ఇదేమన్నా పెళ్ళివారిల్లా?" అంది. పిల్లలు ఆమె మాట ఎప్పుడు విన్నారు గనక!

ఇంకా అక్షరాలు రాని పిల్లలు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక బొమ్మ ఇస్తాం. సంచి తగిలించే కొక్కేనికీ, గ్లాసుకీ, పడుకునే చాపకీ అదే బొమ్మ. కొన్నాళ్ళకి పేర్లు పక్కకి పోయి మా మాటల్లో బొమ్మలే మిగులుతాయి. బాతు మళ్ళీ కరిచాడు, చంద్రుడికి జ్వరం, రైలు లాగు తడుపుకున్నాడు, ఇలా. ఈ కథలో పాప గొడుగు. మూడేళ్ళు దాటి రెండు నెలలు. ఎడమ చేతి వాటం. ఏ వస్తువు కనిపించినా దాని వెనకాల ఏముందో చూడందే ఊరుకోదు.

ఆటగదికీ చేతులు కడుక్కునే గదికీ మధ్య ఒక బరువైన తలుపు ఉంది. పైన స్ప్రింగు బిగించారు, వదిలేస్తే దానంతటదే వచ్చి మూసుకుంటుంది. అలాంటి తలుపులకి బందుల వైపు సందులో పిల్లల వేళ్ళు పడకుండా పై నుంచి కిందిదాకా ఒక రబ్బరు పట్టీ వేస్తారు. మాకూ ఉండేది. అది చిరిగి వేలాడుతుంటే బాతు పూర్తిగా పీకేసి, పాము పాము అని ఆడుకున్నాడు. కొత్తది వేయించమని మేడంకి చెప్పాను. "ఈ వారంలో చూద్దాం" అంది. ఆమె వారానికి ఎన్ని రోజులో పదకొండేళ్ళయినా నాకు అంతు చిక్కలేదు.

అప్పుడు చిన్నది ఒక ఉపాయం చేసింది. దళసరి తువ్వాలు మడిచి తలుపు పై అంచు మీద, బందుల దగ్గరగా వేసింది. దాంతో తలుపు వచ్చి ఆగిపోతుంది గానీ పూర్తిగా మూసుకోదు. సందు సందులాగే ఉంటుంది, వేలు పడినా నలగదు. ఉపాయం ఆమెది, మేడం మెచ్చుకుంటే తలకాయ ఊపింది నేను. రోజూ పొద్దున స్టూలెక్కి ఆ తువ్వాలు వెయ్యడం ఆమె పని. మూడు వారాలు గడిచాయి. ఈ మూడు వారాల్లో మా ఒళ్ళు ఆ తలుపుకి అలవాటు పడిపోయాయి. చేతుల నిండా సామాను పట్టుకుని నడుంతో ఒక్క తోపు తోసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళం. ఎలాగూ మూసుకోదని మా ధీమా.

ఆ రోజు పదకొండున్నరకి ఎవరో దంపతులు తమ పిల్లని చేర్పించడానికి బడి చూడ్డానికి వస్తున్నారు. మేడం గదులన్నీ ఒక చుట్టు చుట్టి తలుపు దగ్గర ఆగింది.

"ఏంటది, బట్టలారేసినట్టు? తీసెయ్. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసుకుందురు గానీ."

తీశాను. మడిచి కుళాయిల గదిలో అలమరలో పెట్టాను. ఆ సమయానికి చిన్నది వంటగదిలో పిల్లల పళ్ళేలు సర్దుతోంది. వచ్చాక చెబుదామనుకున్నాను. ఇంతలో ఏనుగు వాంతి చేసుకుంది. చొక్కా మార్చాను, నేల తుడిచాను, ముఖం కడిగాను. తువ్వాలు సంగతి మర్చిపోయాను. అంతే. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

భోజనాలయ్యాయి. పిల్లల్ని వరుసగా చేతులు కడిగిస్తున్నాం. చిన్నది తడిసిన మెడగుడ్డల బుట్ట రెండు చేతులతో పట్టుకుని, బాతుని ఏదో ఆటపట్టిస్తూ, నడుంతో తలుపు తోసి ఆటగదిలోకి వెళ్ళింది. తలుపు వెనక గొడుగు నిలబడి ఉంది. సందులోంచి అవతల ఏముందో చూస్తోంది. ఎడమ చెయ్యి సందులో పెట్టి ఉంది.

మొదట ఏడుపు రాలేదు. గట్టి దెబ్బ తగిలిన పిల్లలు ముందు ఊపిరి బిగబడతారు. నాకు ఆ నిశ్శబ్దం తెలుసు. తల తిప్పేసరికి పాప నోరు తెరుచుకుని ఉంది, ముఖం నీలంగా మారుతోంది. ఒక్క అంగలో వెళ్ళి తలుపు తెరిచాను. అప్పుడొచ్చింది కేక. నడిమి వేలు మొదటి కణుపు దగ్గర తెగిపోయింది.

చిన్నది బుట్ట వదిలేసి కొయ్యబారిపోయింది. నేను పాపని ఒళ్ళోకి లాక్కుని, చెయ్యి పైకెత్తి పట్టుకుని, శుభ్రమైన గుడ్డతో వేలు అదిమాను. ప్రథమ చికిత్స తరగతులకి రెండుసార్లు వెళ్ళినదాన్ని. బొమ్మ మీద నేర్పిన పని బతికున్న పిల్ల మీద చేస్తుంటే చేతులు వణకలేదు, అదే ఆశ్చర్యం.

"వేలు కొస వెతుకు" అన్నాను.

"అక్కా..."

"ఏడుపు తర్వాత. వెతుకు!"

నేల మీద మోకాళ్ళేసి వెతికింది. బందు కింద దొరికింది, చిక్కుడు గింజంత. గబగబా ఐసు గిన్నెలో వెయ్యబోయింది.

"నేరుగా ఐసులో పెట్టకు, పాడైపోద్ది. తడిగుడ్డలో చుట్టు. కవర్లో వేసి మూతి కట్టు. ఆ కవరు ఐసులో పెట్టు."

అన్నీ అలాగే చేసింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి, కానీ ఒక్క పని తప్పు చెయ్యలేదు. మిగిలిన పిల్లల్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. అప్పుడు ఫోను కోసం పరిగెత్తింది. పనివేళల్లో మా ఫోన్లు మేడం గదిలో సొరుగులో ఉంటాయి, తాళం ఆమె దగ్గర.

ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

"అక్కా, రెండు నిమిషాలాగమన్నారు. వాళ్ళు మెట్లు దిగుతున్నారంట. పాటలు గట్టిగా పెట్టమన్నారు."

"పాటలా?"

"ఏడుపు వినపడకుండా."

నాకు ఒళ్ళు మండిపోయింది. పాపని ఎత్తుకున్నాను, ఐసు డబ్బా చంకలో ఇరికించుకున్నాను. వెనక గుమ్మం ఉంది. కావాలనే ముందు గుమ్మంలోంచి వెళ్ళాను. ఆ దంపతులు అక్కడే ఉన్నారు, మేడం వాళ్ళకి గోడ మీద పిల్లల బొమ్మలు చూపిస్తోంది. నా చీర నిండా రక్తం. మేడం నన్ను చూసి కళ్ళతోనే కొట్టింది. నేను ఆగలేదు. రోడ్డు మీదకి పోయి అడ్డంగా నిలబడి ఒక టాక్సీ ఆపాను. ఆ పూట నాకు ఎవరన్నా భయం లేదు. భయమంతా తర్వాత వచ్చింది.

వాళ్ళమ్మ టైలరు. మెళ్ళో కొలతల టేపు తియ్యకుండానే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. ముందుగా అడిగిన మాట ఒక్కటే.

"ఏ చెయ్యి?"

"ఎడమది" అన్నాను.

అక్కడే గచ్చు మీద కూలబడిపోయింది. చేత్తో బతికే మనిషి, ఆమెకి ఇంకేం చెప్పనక్కర్లేదు.

డాక్టరు బయటికొచ్చి, కొస సరైన పద్ధతిలో తెచ్చారు, అతికించి చూద్దాం, ఇలా చుట్టింది ఎవరు అని అడిగాడు. "నేనే" అన్నాను. చుట్టిన చేతులు చిన్నదానివి. టైలరమ్మ లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మీరు లేకపోతే నా బిడ్డ గతేమయ్యేదో" అంది. నేను చేతులు వెనక్కి లాక్కోలేదు.

ఆరో రోజుకి అతికించిన కొస నల్లబడింది, తీసేశారు. ఇక ఆ వేలు ఒక కణుపు పొట్టి. గోరు రాదు.

ప్రమాదం జరిగిన మర్నాడు బడికి వెళ్ళేసరికి తలుపుకి కొత్త రబ్బరు పట్టీ తళతళలాడుతోంది. మూడు వారాలు దొరకనిది ఒక్క సాయంత్రంలో దొరికింది. మేడం నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. కుర్చీ చూపించింది. పదకొండేళ్ళలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"పాప నాన్న కేసు పెడతానంటున్నాడు. తనిఖీ ఆఫీసరు ఎల్లుండి వస్తాడు" అంది. "పట్టీ ఆర్డరిచ్చాం, రావడం ఆలస్యమైంది, ఈలోపు తువ్వాలు ఏర్పాటు చేశాం అని చెబుతాను. అది నిజమే కదా?"

"ఆర్డరెప్పుడిచ్చారు?"

"ఇచ్చాననే అనుకో. అయితే తువ్వాలు ఆ రోజు ఎందుకు లేదని అడుగుతాడు."

"మీరే తీయమన్నారు."

"నేను తీయమన్నాను. తీసింది నీ చెయ్యి. తీశాక చిన్నదానికి చెప్పాల్సింది నువ్వు. చెప్పావా?"

నేను కొంగు అంచు మడత పెట్టుకుంటూ కూర్చున్నాను.

"నీ గుట్టు నా దగ్గరుంది, నా గుట్టు నీ దగ్గరుంది. ఇద్దరం నోరు మూసుకుంటే ఇద్దరికీ మంచిది. నిన్నెవరూ అబద్ధం చెప్పమనట్లేదు. చూశావా అంటే చూడలేదను, అంతే. మహా అయితే చిన్నదాని ఉద్యోగం పోద్ది. నీదీ పోతే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో ఆలోచించుకో." తర్వాత మెత్తగా అంది. "పాపం, తనకెలాగూ గుర్తులేదట."

చిన్నది నాకంటే ముందు ఆ గదిలో కూర్చుని వెళ్ళిందని అప్పుడు అర్థమైంది. ఆమెని అడగాల్సినవన్నీ అడిగి, పెట్టాల్సిన అనుమానం పెట్టి పంపించింది.

ఇల్లు గడవడం గురించి ఆలోచించానని చెబితే బాగుంటుంది. మా ఆయన పనిలేక ఇంట్లో కూర్చుని ఏడాదైంది, అది నిజమే. కానీ నేను ఆలోచించింది అది కాదు. టైలరమ్మ నా చేతులు కళ్ళకద్దుకున్న సంగతి ఆలోచించాను. ఆమెకి నిజం తెలిస్తే నా ముఖం మీద ఉమ్మేస్తుందని ఆలోచించాను. చిన్నదాని ముఖం మీద ఉమ్మినా ఫర్వాలేదు అనిపించింది. ఇంత నీచంగా అనిపించింది, ఏం చెయ్యను.

ఆఫీసరు బక్కపల్చటి మనిషి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెతుక్కునే రకం. తలుపు తీశాడు, వేశాడు, స్టూలెక్కి పై అంచు తడిమి చూశాడు. మా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. మేడం ఒక పక్కగా కిటికీ దగ్గర నిలబడింది.

"రోజూ తువ్వాలు వేసేదెవరమ్మా?"

"నేనే సార్" అంది చిన్నది.

"ఆ రోజు వేశారా?"

"వేశాననే... వేసినట్టే గుర్తండి. కానీ తువ్వాలేమో అలమరలో మడత పెట్టి ఉంది. నేను వేసుంటే అక్కడికెలా వస్తుంది?" ఆఫీసరుని కాదు, తనని తానే అడుగుతోంది.

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు సీనియర్ కదా. పొద్దున తలుపు మీద తువ్వాలు చూశారా?"

చిన్నది నా ముఖం చూసింది. ఆ చూపులో ఒక్క రవ్వ అనుమానం ఉన్నా నేను నిజం చెప్పేసేదాన్నేమో. అనుమానం లేదు. అక్కకి తెలిసే ఉంటుంది, అక్క చెబుతుంది అన్న చూపు అది.

"నేను గమనించలేదండి" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. నేను కింద సంతకం పెట్టాను. సంతకం ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చింది.

సిబ్బందిలో ఒకరి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని తేల్చారు. చిన్నదాన్ని మానేయమన్నారు. నన్ను భద్రతా బాధ్యురాలిని చేసి, మెళ్ళో వేసుకోవడానికి ఒక పచ్చ కార్డు ఇచ్చారు. ఆ కార్డు నేను మొదటి రోజు చేతిసంచిలో పెట్టుకున్నాను. మేడం చూసి, వేసుకోవాలి అంది. వేసుకున్నాను.

ఆ సాయంత్రం వంటింట్లో నేను ఉల్లిపాయలు తరుగుతుంటే చిన్నది వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది. మామూలుగా అయితే ముక్కలు అంత లావేంటని నా మీద పడేది. 

"అక్కా, ఒక్కటడుగుతా, నిజం చెప్పు. నామీద జాలిపడి చెప్పకు. పొద్దున తువ్వాలు వేశానా నేను? స్టూలెక్కినట్టు గుర్తు. మడత పెట్టినట్టు గుర్తు. బాతు నా చీర కుచ్చిళ్ళు లాగితే తిట్టినట్టు కూడా గుర్తు. అదంతా ముందు రోజుదా? నాకు పిచ్చెక్కుతోంది."

అన్నీ ఆ రోజువే. బాతుని తిట్టడం నేను నా చెవులతో విన్నాను.

ఆఫీసరు ముందు అబద్ధం ఆడానంటే ఉద్యోగం, పరువు, ఏదో ఒక సాకు ఉంది. వంటింట్లో ఎవరున్నారు? నేనూ ఆమే. నిజం చెబితే ఆమె కాగితం మీద దోషి అయినా మనసులో నిలబడేది. ఆ మాత్రం ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. ఇస్తే ఆమె నన్ను చూసే చూపు మారిపోతుంది. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర, ఆ చూపుతో బతకాలి.

"మర్చిపోయుంటావులే" అన్నాను. "మనుషులం కదా."

ఉల్లిపాయలు ఉన్నాయి కాబట్టి ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళెందుకొచ్చాయో ఎవరూ అడగలేదు. ఆమె నా భుజం మీద తల ఆనించింది. ఏడాదికోసారి కూడా చెయ్యని పని అది. "నువ్వు ఒక్క మాట కూడా అనలేదు అక్కా నన్ను" అంది.

వారం తర్వాత తనంతట తనే టైలరమ్మ ఇంటికి వెళ్ళింది. నేను వద్దన్నాను. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, "తిట్టింది. ఏ మొహం పెట్టుకుని వచ్చావంది. తిట్టాలిగా" అంది. "నిన్ను మాత్రం దేవతంది. పాప కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటోందక్కా. పడేస్తోంది, మళ్ళీ పట్టుకుంటోంది."  ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంది గానీ తినలేదు. మా అత్తగారు, ఎప్పుడూ గలగలా వాగే పిల్ల ఇలా అయిపోయిందేంటే అని నన్నే అడిగింది.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. గ్యాసు కట్టేసిందా లేదా అని చిన్నది మూడుసార్లు లేచి చూసేది. వీధి తలుపు గడియ పెట్టి, మంచం దాకా పోయి, మళ్ళీ వచ్చి తడిమి చూసేది. మా మరిది మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, తర్వాత మాట్లాడ్డం మానేశాడు. ఇంకో పని చూసుకోమంటే, పిల్లల దగ్గరికి మాత్రం వెళ్ళనంది. బయట పిల్లలు ఎదురొస్తే చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నడిచేది. నేను రోజూ పచ్చకార్డు వేసుకుని పనికి వెళ్తూ, వస్తూ, ఇదంతా చూస్తూనే ఉన్నాను.

నిన్న సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. చిన్నది తన కూతుర్ని ఎత్తుకుని స్నానాల గది దగ్గరికి వచ్చింది. రెండేళ్ళ పిల్ల. రోజూ దానికి స్నానం అంటే ఒక జాతర. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ తడిసి, పాడి, అరిచి, ఇల్లంతా నీళ్ళు చేసేవాళ్ళు. నేను పళ్ళు నూరుతూ తుడుచుకునేదాన్ని.

"అక్కా, ఇకనుంచి దీనికి నువ్వే చేయించవా?" అంది.

"ఏం, నీకేమైంది?"

"వేడినీళ్ళు కదా. నా చేతుల్ని నేను నమ్మలేకపోతున్నా. చేసిన పని చేశానో లేదో తెలీట్లేదు నాకు. ఏ రోజు ఏం మరిచిపోతానో. నా చేతుల్లో దీనికేమన్నా అయితే..." పిల్లని నా వైపు చాపింది. "నీ దగ్గరైతే నాకు భయముండదు."

నా నోటిదాకా వచ్చింది. తువ్వాలు నేనే తీశానే, నువ్వు వేశావే, నీ చేతులు బంగారమే పిచ్చిదానా అని నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల పెద్దమ్మా అంటూ రెండు చేతులూ చాచింది.

తీసుకున్నాను. లోపలికి తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టి, చెంబు ముంచాను. చిన్నది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నీళ్ళు మరీ వేడిగా లేవు కదా అక్కా?"

"లేవు" అన్నాను.

"నువ్వు చూశావంటే ఇంక ఫర్వాలేదు" అని వెళ్ళిపోయింది.